కారణం గడి

ఇక్కడ కూడా ఇంటిపేరే ముందు.
పెర్లుస్ జెల్మా.
తర్వాత వాళ్ల నాన్న దరఖాస్తు పెట్టి, స్టాంపు అంటించి
పార్తి అని మార్చుకున్నాడు.
పార్తి అంటే ఒడ్డువాళ్లు.
ఒడ్డునే ఉండేవాళ్లు కదా, అబద్ధం కాదు.

ఇరవై తొమ్మిదేళ్లు తీసా నది మట్టం కొలిచింది జెల్మా,
పొద్దున ఏడింటికి, రేవు మెట్ల పక్కన పాతిన కొలబద్ద దగ్గర,
గొడుగు చంకలో, పెన్సిలు చెవి మీద.
వరద ఎప్పుడొస్తుందో రెండు రోజుల ముందు చెప్పే లెక్క ఆమెదే.
సెగెద్‌లో ఆ లెక్క తెలియని ఇంజినీరు లేడు,
ఆమె పేరు తెలిసినవాడూ లేడు.
అందుకే రాశాను నేను,
అందరూ రాసే, అందరూ దిద్దే ఆ విజ్ఞాన సర్వస్వంలో
ఆమెకో పుట.

మొదటి వాక్యం: "హంగేరీ జలశాస్త్రవేత్త."
మర్నాటికి: "హంగేరీ యూదు జలశాస్త్రవేత్త."
సాయంత్రానికి ఆ మాట లేదు.
నిద్ర లేచేసరికి ఉంది.
నాలుగు నెలల్లో పదిహేడుసార్లు
నదిలా ఎక్కింది, దిగింది.
నేను కొలుస్తూ కూచున్నాను.

పెట్టినవాళ్లలో ఒకడు హైఫా కుర్రాడు:
"మా మనిషి. మాసిపోనివ్వకండి" అన్నాడు.
ఇంకొకడున్నాడు. అతని మిగతా దిద్దుబాట్లు చూశాను.
బ్యాంకు యజమానులకూ, డాక్టర్లకూ, పత్రికలవాళ్లకూ
అదే మాట, ఆ ఒక్క మాటే, రాత్రంతా అతికిస్తూ పోయాడు
తలుపుల మీద సున్నం గుర్తు పెట్టేవాడిలా.
అక్షరాలు అవే.
ఏ చెయ్యి పెట్టిందో అక్షరం చెప్పదు.

తీసినవాళ్లూ అంతే.
ఒకావిడ ప్రేమతో తీసింది: "ఇంకా ఎందుకమ్మా ఆవిడకి ఆ బిళ్ల?"
ఒకాయన విసుగుతో. ఒకరు, బహుశా, సిగ్గుతో.
జెల్మా పై అధికారి బాన్‌కూతి చోంగోర్ పుట తెరిచి చూడండి:
జలశాస్త్రవేత్త. అంతే.
ఆయన ఏ చర్చికి వెళ్లేవాడో ఎవరూ పెట్టలేదు,
ఎవరూ తీయాల్సి రాలేదు.

మోంతెవీదియోకి ఉత్తరం రాశాను, మేనకోడలి కూతురు నోయెమికి.
జవాబొచ్చింది:
"జెల్మా మామ్మ పంది మాంసం తినేది, ఆవముద్ద దట్టంగా పూసుకుని.
పెద్ద ఉపవాసం రోజు మాత్రం మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.
ఎండిన నోటితోనే వెళ్లి నది కొలిచి వచ్చేది.
రాస్తే రెండూ రాయండి."

రెండూ రాద్దామంటే నియమం అడ్డం: ఆధారం చూపాలి.
అచ్చులో దొరికింది ఒక్కటే,
1944 జూన్, ఆమెను రైలెక్కించినవాళ్లు టైపు చేసిన జాబితా.
వరుస సంఖ్య 1143. మతం గడి నిండుగా ఉంది.
ఒక్క అచ్చుతప్పు లేదు.
వీళ్లనా నేను సాక్ష్యానికి పిలవాల్సింది?

శీతాకాలమంతా ఆ పుట ముట్టలేదు.

మార్చిలో నీటిశాఖ కొట్టుగది తీయించి
పాత మట్టం పుస్తకాలు ఒళ్లో పెట్టుకున్నాను.
జూన్ పదిహేను దాకా ఆమె ఏడంకెలు, నడుముకి అడ్డగీతతో.
పదహారు నుంచి వేరే చేతిరాత. బద్ధకపు అంకెలు.
కొన్ని రోజులైతే నది లేనే లేదు.
మరుసటి ఏడు సెప్టెంబరు మూడున
మళ్లీ అడ్డగీత ఏడు, కొంచెం వణుకుతూ.
మట్టం 87.
వెనక్కి తిప్పి ఎవరి అంకెలూ దిద్దలేదామె.
"పరిశీలకురాలు గైర్హాజరు" అని ఎవరో రాసి వదిలేసిన చోట,
పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న కారణం గడిలో
పెన్సిలుతో కాదు, సిరాతో, రెండు మాటలు:
"యూదురాలిని. తీసుకెళ్లారు."

మొదటి వాక్యంలో పెట్టలేదు నేను.
ఆరో పేరాలో పెట్టాను, ఆ రోజు దగ్గర, ఆమె రాసినట్టే,
పుస్తకం నంబరు, పుట నంబరుతో సహా.
ముందు నది, తర్వాత ఆ మాట, తర్వాత మళ్లీ నది.

ఈ ఉదయం ఎవరో కొట్టేశారు.
ఎందుకో రాయడానికి అక్కడా ఒక గడి ఉంటుంది.
ఖాళీగా ఉంది.